పాలూ హాలూ

మన మాటల మొదట్లో ఉండే ‘ప’ కన్నడంలో ‘హ’ అయిందని ప్రతి ఏడాదీ తొమ్మిదో తరగతికి చెబుతాను. పులి హులి, పత్తి హత్తి, పాలు హాలు. వాళ్ళకు ‘ప’ పలకడం రాదాండీ అని ఎవరో ఒకరు అడుగుతారు, క్లాసంతా నవ్వుతుంది. వెనకటి కన్నడంలో వాళ్ళూ ‘ప’నే పలికేవారనీ, రెండు భాషలకూ తల్లి ఒకతేననీ చెబుతాను. పరీక్షకు అది చాలు. నాకు మాత్రం ఈ పాఠం మిరప చేలో వచ్చింది.

అప్పటికి నా కూతురు పాలు తాగే పిల్ల. అద్దంకి దగ్గర మా అత్తగారి చేలో కాయ కోతకు రాయచూరు వైపు నుంచి కూలీలు వచ్చి గట్టు మీదే టార్పాలిన్ పట్టాలతో గుడిసెలు కట్టుకుని ఉన్నారు. ఒక మధ్యాహ్నం నేను వేపచెట్టు కింద పాపకు పాలిస్తుంటే, వాళ్ళలో ఒకామె తన చిన్నకూతుర్ని ఎత్తుకుని పరుగున వచ్చింది. ఆ పిల్ల ఎర్రకాయ నలిపిన చేతులతో కళ్ళు నులుముకుంది. రెప్పలు వాచిపోయాయి. నీళ్ళు కొట్టినకొద్దీ మంట ఎక్కువై, ఏడ్చే ఓపిక కూడా పోయింది. కళ్ళు ఏమైపోతాయోనని నాకు భయం వేసింది.

“అక్కా, కణ్ణిగె హాలు,” అందామె.

కంట్లో కారం పడితే చనుబాలు పిండడం మా వైపూ ఉంది. ఆ క్షణంలో నాకు ‘ప’లూ ‘హ’లూ ఏవీ గుర్తు రాలేదు. పాపను పక్కన పడుకోబెట్టి చేతులు చాపాను. మా అత్తగారు ఊరుకోలేదు.

“మన పిల్లకే చాలట్లేదు, ఊరందరికీ పోస్తావా?”

నాకు ఒళ్ళు మండింది. ఆ పిల్లను ఒళ్ళో వేసుకుని రెండు కళ్ళలోనూ పిండాను. చాలాసేపటికి అది రెప్పలెత్తి నా పాపను చూసింది. తల్లి అక్కడే కూలబడి ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

సాయంత్రం ఆమె మళ్ళీ వచ్చి, పాపను ఎత్తుకుంటానని సైగ చేసింది. కాయ కోసిన చేతులను మా ఇళ్ళల్లో పసిపిల్లల మీద పడనివ్వరు. మా అత్తగారు పాపను గట్టిగా పట్టుకుని కదల్లేదు. ఆ పిల్ల తల్లికీ ఆ సంగతి తెలుసు, చేతులకు నూనె రాసి మజ్జిగతో కడుక్కునే వచ్చింది. అరచేతులు చాపి, “కై నోడవ్వా” అంది.

కై అంటే చెయ్యి, నోడు అంటే చూడు. అక్కడి ‘క’ మనకు ‘చ’ అయింది, అది తర్వాతి పాఠం. మా అత్తగారు ఏ పాఠమూ చదవలేదు. ఆ చేతుల్ని వాసన చూశారు. తన కంటి రెప్పకు ఆనించుకుని కాసేపు ఆగారు. మంట పుట్టలేదు. అప్పుడు పాపను ఆ చేతుల్లో పెట్టారు.