ఎర్రచీర పాటలో నేను మార్చిన మాట

ఈ వేళ పొద్దున తొలకరి చినుకులు పడగానే, వరండా తీగ మీది బట్టలు తీస్తూ, నాకు తెలియకుండానే ఒక పాట కూనిరాగం తీశాను. అంతలోనే నోరు మూసుకున్నాను, ఎందుకంటే అది నా పాట కాదు, మా తోటికోడలిది.

కరోనా వచ్చి సూరత్‌లో సాంచాలన్నీ, అంటే మరమగ్గాలన్నీ, ఆగిపోయిన ఆ రోజుల్లో, అక్కడి వడోద్ బస్తీలో మా రెండు కుటుంబాలూ పక్కపక్క గదుల్లో ఉండేవి. వాటి హోరు లేని ఆ నిశ్శబ్దంలో, బడి మొహం చూడని ఆమె బియ్యంలో రాళ్ళేరుతూ పాట కట్టింది. పదో తరగతి దాకా చదివి, పెళ్ళికి ముందునుంచీ కవితలు రాసుకుంటున్న నేను దాన్ని కాగితం మీద పెట్టాను.

ఎండొచ్చె వాకిట్ల ఎర్రచీర ఆరేసె
వానొచ్చె వడివడిగ మడతేసి ఎత్కపాయె
చలొచ్చె వణుక్కుంట నా చీరేదని అడిగె

మూడు కాలాలనూ ముగ్గురు ఆడవాళ్ళను చేసి ఒక్క చీర చుట్టూ తిప్పింది, ప్రతి పాదమూ సాంచె ఆడినట్టు దెబ్బ తప్పకుండా నడిచింది. నేను ఇన్నేళ్ళూ వసంతమనీ కోయిలనీ రాసుకున్నవన్నీ ఆ క్షణాన చప్పబడిపోయాయి. పైకి నవ్వుతూనే, 'ఎత్కపాయె' అన్నచోట 'తీసుకొని వెళ్ళిపోయెను' అని రాశాను. నడక విరుగుతుందని తెలిసే రాశాను.

ఆదివారం బంధువులందరూ ఫోనులో కలిసినప్పుడు ఆమె పాటను నేనే చదివాను. భజనలు పాడే మా మేనమామ విని, "పాట మస్తుగున్నది బిడ్డా, గని నడుమ జర కాలు తట్టుకున్నట్టయితున్నది" అన్నాడు. తోటికోడలు పక్కనే ఉండి వింది. తరువాత గిన్నెలు కడుగుతూ, "అక్కా, గా మాట నాది కాదు గదా? సదువుకున్నదానివి, మంచికే మార్చినవనుకున్న" అంది. కోప్పడి ఉన్నా బాగుండేది.

మరుసటి ఆదివారం, కావాలనే మార్చానని అందరి ముందూ చెప్పి, ఆమెచేతనే పాడించాను. మేనమామ మళ్ళీ మళ్ళీ పాడించుకున్నాడు. నాకు కన్నీళ్ళు వస్తే పశ్చాత్తాపమనుకున్నారు; నిజానికి అందులో సగం అసూయే.

ఇప్పుడు సాంచాలు మళ్ళీ ఆడుతున్నాయి, ఆమె కుటుంబం సూరత్ అవతలి కొసనున్న ఇచ్ఛాపూర్‌కు మారిపోయింది. కొత్త పాట తోచినప్పుడల్లా తను ఫోనుకు చెబితే, ఆ ఫోనే విని అక్షరాలుగా రాసుకుంటుందట. "నువ్వు దూరమైనవ్ గదక్కా" అంటుంది, నొప్పించాలని కాదు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, ఒక్కో పాదమూ ఆగి చెబుతూ రాయించుకున్న ఆ రోజులు పోయాక, ఇంత వయసొచ్చీ, ఆ ఫోనును చూసి కూడా కుళ్ళుకుంటున్నాను.