తొమ్మిదో నంబరు బూట్లు

కొండదారుల్లో తిరిగి టీకాలు వేసే ఆ నర్సుకు ఆఫీసు పదకొండేళ్లుగా మగవాళ్ల తొమ్మిదో నంబరు బూట్లే ఇస్తోంది. వాటిలో గుడ్డలు కుక్కుకుని నోరెత్తకుండా నడిచింది. మోకాళ్లు మొరాయించాక, రాళ్లదారిలో పోయే బైకు కోసం షాపుకెళ్లింది.

"బావగారికా అక్కా?" అన్నాడు షాపతను.

"మీ బావకి సైకిలే రాదు. నాకే. కాళ్లు నేలకానేది చూపించు."

దొరికింది. నడిపి చూస్తుంటే వదులు బూటు ముక్కు గేరు కింద ఇరుక్కుని, బండితో సహా పడింది.

"ముందు బూట్లు మార్చక్కా!" అన్నాడు, హెల్మెట్ల పక్కన అమ్మకానికి పెట్టిన బైకు బూట్లు చూపిస్తూ.

"ఆడవాళ్ల సైజు ఉందా?"

"ఎవరూ అడగరు కదక్కా, తెప్పించం."

ఆమె లేవలేక అక్కడే కూర్చుంది. "నేను అడుగుతున్నాగా," అంది నీరసంగా.

ఒక్క గొంతు చాలదు. మీ నర్సమ్మ కాళ్ల కొలత కనుక్కుని, ఈ వారమే ఆమె ఆఫీసుకు ఉత్తరం రాయండి.