కుడి చెవి పక్కన రెండు చప్పట్లు

ఎవరైనా దయ్యాల కబుర్లు చెబితే మొహం మీదే నవ్వేసే రకం నేను. శబ్దాలతో పనిచేసేవాణ్ణి, ఏ చప్పుడు విన్నా ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పగలననే ధీమా ఉండేది. ఇది మాత్రం చెప్పలేకపోయాను. తలచుకుంటే భయం కంటే సిగ్గే ఎక్కువ వేస్తుంది.

చిత్తూరు, తిరుపతి చుట్టుపక్కల జనం చేసే పనుల మీద చిన్న వీడియోలు తీస్తుంటాను. హెడ్‌ఫోన్లలో వినేవాళ్లకు అక్కడే కూర్చున్నట్టు ఉండాలని, రెండు చిన్న మైకులు నా రెండు చెవుల్లోనే పెట్టుకుని రికార్డు చేస్తాను. అప్పుడు ఎడమ పక్క చప్పుడు ఎడమ నుంచే, వెనకది వెనక నుంచే వినిపిస్తుంది. ఒకటే కష్టం. తల కదపకూడదు, గుటక కూడా మింగకూడదు.

మొన్న వేసవిలో నగరిలో మునిరత్నం అన్న మరమగ్గాల షెడ్డుకు వెళ్లాను. ఆయన భార్య కళావతి వదిన టిఫిను పెట్టి, మగ్గాల మధ్య స్టూలు వేసింది. ఎదురుగా స్టాండు మీద కెమెరా పెట్టుకుని కూర్చున్నాను. కాసేపటికి కరెంటు పోయి, మగ్గాలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. వాళ్లిద్దరూ గాలి కోసం బయటికెళ్లారు. ఆ నిశ్శబ్దం కూడా బాగుందని నేను కదలకుండా అలాగే ఉండిపోయాను. నాకేమీ వినిపించలేదు.

మధ్యాహ్నం వాళ్ల వసారాలో అన్నకు హెడ్‌ఫోన్లు పెట్టాను. కళ్లు మూసుకుని నవ్వుతూ వింటున్నాడు. ఉన్నట్టుండి కుడివైపు తిరిగి, "ఆఁ, వస్తా ఉండా మా" అంటూ సగం లేచాడు. అటు గోడ తప్ప ఏమీ లేదు.

నేనూ పెట్టుకుని విన్నాను. మగ్గాలు ఆగాక, కుడి చెవికి బాగా దగ్గరగా, మెత్తగా రెండు చప్పట్లు. గాజులు కదిలిన చప్పుడు. కెమెరాలో చూశాం. నా పక్కన ఎవరూ లేరు.

అప్పుడు చెప్పాడు అన్న. గొంతు ఆపరేషన్‌తో వాళ్లమ్మకు మాట పోయిందట. కొడుకును అలా రెండు చప్పట్లు కొట్టే పిలిచేదట. ఆమె పోయి ఏడాది దాటిందని అప్పుడే తెలిసింది నాకు.

పక్కనే ఉన్న వదిన మొహం ఎర్రబడింది. "మా అత్త సంగతి నీకెవురు సెప్పినారప్పా? వీడియో కోసరం సచ్చినోళ్లతో ఆడుకుంటావా?"

చప్పుళ్లు అతికించడం నా పనిలో భాగమే. ఇది అతికించలేదని ఎలా నిరూపించాలి? పక్క షెడ్డు వాళ్లు కూడా వచ్చి చూస్తున్నారు. తల ఎత్తలేకపోయాను. "తీసెయ్ ముందు" అంది. వాళ్లందరి ముందే ఆ రికార్డింగు చెరిపేశాను. మోసగాణ్ణి కాదనిపించుకునే తొందరలో, అన్నను ఒక్కమాట అడగాలని తోచలేదు.

బస్సు కోసం నిలబడి ఉంటే అన్న వెనకే వచ్చాడు. తిడతాడనుకున్నాను.

"యాడ నిలబడి పిలిసిందప్పా?" అన్నాడు.

కుడి భుజం పక్కన చెయ్యి పెట్టి చూపించాను. ఆ ఖాళీ చోటు వైపు చాలాసేపు చూశాడు.

"ఇంగొక్కసారి విని ఉంటే బాగుండు" అన్నాడు.

ఆ చప్పట్లు ఎక్కడివో ఈరోజుకీ చెప్పలేను. అన్న అప్పుడప్పుడూ ఫోన్ చేసి బాగోగులు అడుగుతాడు, ఆ సంగతి మాత్రం ఎత్తడు. ఆయన పేరు కనిపించగానే నాకు చెరిపేసిన ఆ చప్పట్లే గుర్తొస్తాయి. చాలాసార్లు ఫోన్ ఎత్తకుండా, అది మోగి ఆగిపోయేదాకా అలాగే చూస్తూ కూర్చుంటాను.