కుట్టు లోపలి గుడ్డ

"ప్యాంటు లోపల వదిలిన గుడ్డ కత్తిరించేస్తారా? రేపు మళ్ళీ లావైతే?" అంటోంది పిన్ని.

"అవను."

"ఇంతకుముందు రెండుసార్లూ ఇదే మాట అన్నారు."

బాబాయి టైలరు. రోజంతా మిషను ముందు కూర్చుని ఒళ్ళు పెంచినవాడు, ఇప్పుడు చక్కెర మానేశాడు, ఒక్కో చొక్కా కుట్టగానే లేచి వీధి చివరిదాకా నడిచొస్తున్నాడు. ఏడాదిగా సన్నగానే ఉన్నా స్థిమితం లేదు, మాటిమాటికీ నడుము తడుముకుంటాడు. కాలేజీ మానేసి, నిలకడ లేకుండా ఊరికే తిరిగే నాకే అది చూస్తే చిరాకు. గతంలో తగ్గిన ప్రతిసారీ మళ్ళీ పెరిగాడు. ఎవరికీ చెప్పకుండా కుట్లు విప్పి, ఆ మిగులు గుడ్డతోనే ప్యాంట్లు వదులు చేసుకున్నాడు.

పిన్ని విసురుగా లోపలికెళ్ళింది. బాబాయి ప్యాంటు తిరగేశాడు, కత్తెర తెరిచాడు, మూశాడు. చివరికి నా చేతిలో పెట్టాడు.

"నాకు చెయ్యి రావట్లేదురా. నువ్వు కత్తిరించెయ్."