ఎల్లేశన్నకు నేను కట్టించిన ఫ్లెక్సీ

కత్తి లేదు, విషం లేదు, కనీసం బండి వేగంగా నడిపింది కూడా లేదు. ఒక బాల్‌పెన్ను, ఒక జేబు నోటుబుక్కు, ముగ్గురితో ముచ్చట. అంతే. ఇబ్రహీంపట్నంలో బంగారం లాంటి మనిషిని పొద్దున పది గంటలకు మొదలుపెట్టి మధ్యాహ్నం అన్నం వేళకల్లా పైకి పంపేశాను. ఆ సంగతి ఆయనకు మాత్రం సాయంత్రం దాకా తెలియదు. ఎట్లా పంపానో చెప్తాను. నవ్వుకోండి, ఫరవాలేదు. ఊరంతా నవ్వేశాక మీ నవ్వుకు నేనేం కొత్తగా తగ్గిపోను.

అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. ఒక దినపత్రికకు ఇబ్రహీంపట్నం విలేకరిని. విలేకరి అనగానే మీరేదో ఊహించుకోకండి. నాలుగేళ్లలో నేను రాసిన వార్తల్లో ముప్పాతిక చావు వార్తలే. మాజీ సర్పంచ్ మృతి, రిటైర్డ్ టీచర్ మృతి, పాత బియ్యం మిల్లు యజమాని మృతి. ఏనుగు చచ్చినా బతికినా వెయ్యే అంటారు గానీ, మా పేజీలో చచ్చిన ఏనుగుకే చోటుండేది. అందుకు నాదొక పద్ధతి. ఎవరైనా పోయారని తెలియగానే ఆ మనిషిని ఎరిగిన ముగ్గురి దగ్గరికి పోవడం, గొంతు తగ్గించి రెండు మంచి మాటలు అడగడం, ఒక ఫొటో అడిగి జేబులో వేసుకోవడం. ఇంటి ముందు నా బండి ఆగితే కొందరు పెద్దవాళ్లు లేచి లోపలికి వెళ్లిపోయేవారు. పత్రికకు ఉన్న శక్తి అది అనుకునేవాణ్ణి.

నాకు ఒక్కటే కోరిక. అన్ని వార్తల కిందా ‘మా విలేకరి’ అనే ఉండేది. ఒక్కసారైనా నా పేరు అచ్చులో చూసుకోవాలి. మా అమ్మ అయితే ఏకంగా అడిగింది. “గా మా విలేకరి ఎవడో గని దినాం రాస్తున్నడు. నువ్వెప్పుడు రాస్తవ్ బిడ్డా?”

అట్లాంటి రోజుల్లో ఒక పొద్దున డెస్కు నుంచి మా ఇన్‌చార్జి సారు ఫోన్ చేశాడు.

“శ్రీశైలం, ఆదివారం పేజీకి ఒక కళాకారుడి మీద రాయాలయ్యా. తోటి కళాకారులందరూ ఇష్టపడే మనిషి కావాలి. ఉన్నాడా మీ దగ్గర అట్లాంటి వింత?”

“ఉన్నడు సార్. గొంతుల ఎల్లేశ్.”

“తోటివాళ్ల చేతే చెప్పించు. ఆయనకు మాత్రం తెలియనీయకు. తెలిస్తే అందరినీ కూర్చోబెట్టి మాటలు నేర్పిస్తాడు. సాయంత్రం ఐదుకల్లా పంపు. బాగా వస్తే నీ పేరు వేస్తాను.”

నా పేరు. ఆ తర్వాత ఆయన ఏం చెప్పాడో నాకు వినపడలేదు.

ఎల్లేశన్న మిమిక్రీ కళాకారుడు. పెళ్లిళ్లలో, ఫంక్షన్ హాళ్లలో ఆర్కెస్ట్రా పాటల మధ్య ఆయన ముచ్చట్లు. ఆర్టీసీ బస్సు ఎత్తెక్కే చప్పుడు నుంచి పొద్దుతిరుగుడు చేనులో చిలుకల గుంపు దాకా అన్నీ ఆయన గొంతులోనే ఉండేవి. కళాకారుల్లో ఇద్దరు కలిస్తే మూడోవాడి మీద చాడీలు మొదలవుతాయి. ఆ మూడోవాడు ఎల్లేశన్న అయితే మాత్రం ముచ్చట ఆగిపోయేది, చెప్పడానికి ఏమీ దొరకక. ప్రోగ్రాం అయ్యాక డ్రైవర్ తిన్నాడా లేదా అని అడిగాకే ఆయన విస్తరి ముందు కూర్చునేవాడు. ఏ కళాకారుడి ఇంట్లో చావైనా అందరికంటే ముందు చెప్పులు విడిచేది ఆయనే.

ఆ వారం ఆయన ఊళ్లో లేడు. పెద్ద ప్రోగ్రాం ముందు రెండు రోజులు గొంతుకు విశ్రాంతి ఇవ్వడం ఆయన అలవాటు. ఇంట్లో ఉంటే దారిన పోయేవాడు కూడా ‘అన్నా, ఒక్కసారి కోడి’ అంటాడు. అందుకని తాళం వేసి, ఫోన్ బంద్ చేసి, అబ్దుల్లాపూర్‌మెట్‌లో బామ్మర్ది ఇంట్లో మిరియాల కషాయం తాగుతున్నాడు. పోతూ పోతూ నాకొక్కడికే చెప్పాడు కాబట్టి ఈ సంగతి నాకు తెలుసు. మిగతా ఎవరికీ తెలియదు. దీన్ని గుర్తు పెట్టుకోండి, ముందు ముందు మన కొంప ముంచేది ఇదే.

మొదట పాటలు పాడే సుగుణక్క ఇంటికి వెళ్లాను. వాకిట్లో చింతపండు గింజ తీస్తూ ఉంది. నన్ను చూడగానే చేతిలో పండు చేతిలోనే ఆగింది.

“ఏంది తమ్మీ, ఇటొచ్చినవ్?”

నేను అలవాటు ప్రకారం చెప్పులు విడిచి, గొంతు తగ్గించి అన్నాను. “ఎల్లేశన్న గురించి రెండు మంచి మాటలు చెప్పక్కా. పేపర్ల రాస్తున్న.”

సుగుణక్క నా ముఖంలోకి చూసింది. నోటుబుక్కు చూసింది. మళ్లీ ముఖంలోకి చూసింది.

“ఎల్లేశన్నకా?”

“అవ్ అక్కా. ఒక ఫొటో ఉంటే గూడ ఇయ్యి. ఇంకో మాట, అన్నకు ఫోన్ చెయ్యకు. చేసినా కలవది.”

ఆమె చింతపండు మీద చేయి పెట్టి అట్లాగే కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుంది. నాకు ఒళ్లు పులకరించింది. తోటి కళాకారుడి పేరు చెప్పగానే ఇంత ప్రేమా అనుకుని ‘కంట తడి పెట్టారు’ అని రాసుకున్నాను.

“ఎవ్వలకు తెల్వది తమ్మీ,” అంది ముక్కు తుడుచుకుంటూ. “ఒకపారి నాకు గొంతు పోయింది, స్టేజీ మీద. అన్న తెర ఎనకకు పోయి నా గొంతుతోని పాడిండు. నేను ఉట్టిగ నోరు ఆడిచ్చిన. జనం ఇంకోపారి పాడుమన్నరు. గా దినం నా అన్నం గిన్నె నిలవెట్టిండు.”

నేను రాసుకుంటూనే ఉన్నాను. ఆహా, ఏం విషయం. అక్కా, ఇంకా ఏడువు అనలేదు గానీ మనసులో అదే.

రెండోది కీబోర్డు వాయించే కృపాకర్. చర్చిలో కూడా వాయిస్తాడు, నెమ్మదైనవాడు. నేను అడగగానే కళ్లు మూసుకుని రెండు నిమిషాలు ప్రార్థన చేశాడు. నేను కూడా మర్యాదకు తల వంచాను.

“ఒక పాపం ఒప్పుకోవాలె శ్రీశైలం,” అన్నాడు కళ్లు తెరిచి. “పోయినేడు అన్న మైకు కింద పడగొట్టింది నేను. జంగయ్య పడగొట్టిండని చెప్పిన. ఇప్పుడింక చెప్తే ఏమైతది, ఆయన అన్నీ చూస్తనే ఉంటడు.”

“అవ్, అన్న మస్తు గమనిస్తడు,” అన్నాను నేను.

మూడోది ఆ జంగయ్యే. డప్పు కళాకారుడు. నేను నోరు తెరవకముందే సుగుణక్క ఫోన్ వచ్చినట్టుంది, గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

“పిలగాణ్ణి పంపిన ఇంటికి. తాళమేసి ఉన్నదట. ఎటు తీస్కపోయిన్రో ఏమో,” అన్నాడు. తర్వాత నన్ను అడిగాడు. “సాయంత్రం డప్పులు తెద్దుమా?”

వ్యాసం వస్తుందని ఇంత సంబరమా అనుకున్నాను. “తెస్తే మంచిగనే ఉంటది మామా. అందరు కలిసి ఉంటే ఫొటో దిగొచ్చు.”

జంగయ్య నన్ను అదోలా చూశాడు. అంత కఠినాత్ముణ్ణి ఆయన అదివరకు చూడలేదట. తర్వాత చెప్పాడు.

ఊరక రారు మహానుభావులు అన్నారు పెద్దలు. ఊరక అడగరు విలేకరులు అని ఇబ్రహీంపట్నం ఎప్పుడో తేల్చుకుంది. ఆ సంగతి విలేకరి ఒక్కడికే తెలియదు.

బస్టాండు పక్క హోటల్లో కూర్చుని చాయ్ తాగుతూ వ్యాసం రాశాను. కింద నా పేరు కూడా నాలుగు రకాలుగా రాసి చూసుకున్నాను. నాలుగు గంటలకు ఫోన్ మోగింది. ఎల్లేశన్న. బంద్ చేసిన ఫోన్ తెరిచి మరీ చేశాడు. రెండు రోజులు వాడకపోవడంతో గొంతు బొంగురుగా ఉంది.

“తమ్మీ, మన కళాకారులల్ల ఎవరో పోయిన్రంట గదా. ఈడ పూలోడు చెప్పిండు, ఇబ్రహీంపట్నం డప్పులోళ్లు దండలు తెమ్మన్నరట. ఎవరు?”

నా గుండె జారింది. మనిషి పోయాడని కాదు. నాకు తెలియకుండా ఇబ్రహీంపట్నంలో ఒక మనిషి పోవడమా? ఇంకో పేపర్ వాడు ముందు రాసేస్తే?

“కనుక్కుంట అన్నా.”

“నేను ఎల్తున్న. దండ గూడ కొన్న,” అన్నాడు.

చచ్చినవాడెవరో డాక్టర్ కంటే ముందు తెలిసేది ఫ్లెక్సీ దుకాణంలో. సలీం భాయ్ దగ్గరికి పరుగెత్తాను.

“భాయ్, ఎవరో పోయిన్రంట, ఎవరు?”

సలీం భాయ్ కంప్యూటర్ నుంచి తల ఎత్తి నన్ను ఎగాదిగా చూశాడు. “పొద్దుగాల సంది ఊరంత చెప్పుకుంట తిరిగి నన్ను అడుగుతున్నవా?”

తెర మీద ఎల్లేశన్న పళ్లన్నీ కనపడేట్టు నవ్వుతున్నాడు. మీద ‘అశ్రునివాళి’. చుట్టూ పావురాలు. కింద వరసగా సంతాపం తెలిపేవారి ముఖాలు, అన్నిటికంటే ముందు గుండ్రటి చట్రంలో నాది. దాని కింద ఎర్ర రంగులో: రిపోర్టర్ శ్రీశైలం.

నిజం చెప్తాను, దాచను. అర సెకను నాకు సంతోషమైంది. అక్షరాలు బాగా కుదిరాయి. ఆ తర్వాతే సంగతి తలకెక్కింది.

“భాయ్, అన్న బతికే ఉన్నడు. తీసెయ్యి.”

“ఇది ఉట్టి బొమ్మనే, నా దగ్గర ఉంచుకునేది. పెద్దది చౌరస్తాల కట్టి గంటైంది,” అన్నాడు సలీం భాయ్.

ప్రోగ్రాంలకు ముందు అందరూ కలిసే కళాకారుల గదికి ఉరికాను. ముప్పై మంది ఉన్నారు. గది ముందు డప్పులు మంట దగ్గర కాగుతున్నాయి. ఒక పక్క సుగుణక్క, ఒక పక్క కృపాకర్.

“అన్న చావలే,” అన్నాను రొప్పుతూ. “నేను ఉట్టిగ మంచి మాటలు అడిగిన.”

“బాధకు గట్లనే ఉంటది తమ్మీ,” అని సుగుణక్క నా తల నిమిరింది. “కూసో. నీళ్లు తాగు.”

“నీళ్లొద్దు. ఇప్పుడే మాట్లాడిన అన్నతోని. ఇగో, మీరే వినున్రి.” ఫోన్ కలిపి, అందరికీ వినపడేట్టు పెట్టాను.

“హలో, తమ్మీ,” అంది ఫోన్.

అందరూ ఫోన్ దగ్గరికి వంగారు. తర్వాత సుగుణక్క కళ్లు ఎర్రబడ్డాయి.

“ఎవడ్రా నువ్వు? ఈ పొద్దు గూడ అన్న గొంతు చేస్తున్నవా? సిగ్గుండాలె.”

“సుగుణా, నేనే, చెల్లె...”

“చెల్లె అంటున్నడు సూడు, చెప్పుతోని కొడ్త.”

కృపాకర్ చెవి దగ్గర పెట్టుకుని శ్రద్ధగా విన్నాడు. ఆయన సంగీతం తెలిసిన మనిషి. “శిష్యులల్ల ఎవడో. బానే చేస్తున్నడు గని, జర ముక్కుల పడుతున్నది. అన్నకు గట్ల పడది.”

“బొంగురు ఎక్కువైంది,” అన్నాడు జంగయ్య. “ఇంక ప్రాక్టీస్ కావాలె ఈనికి.”

ఇరవై ఏళ్లు ఊరందరి గొంతులు చేసిన మనిషి తన సొంత గొంతు పరీక్షలో తప్పాడు. సుగుణక్క ఫోన్ లాక్కుని బంద్ చేసి తన సంచిలో వేసుకుంది. నా ఆధారం సంచిలో, నా వ్యాసం జేబులో, నేను ముప్పై మంది మధ్యలో. డప్పులు లేచాయి. ఊరేగింపు అన్న ఇంటి దిక్కు కదిలింది. ‘బతికే ఉన్నడు’ అని నేను ఒక్కొక్కరికీ చెప్తుంటే ‘పిచ్చి లేసింది, పాపం’ అని ఒక్కొక్కరూ నన్ను పక్కకు జరిపారు.

చౌరస్తా దగ్గర ఒక బండి ఆగింది. ఎల్లేశన్న దిగాడు. చేతిలో బంతిపూల దండ. డప్పు వినగానే ఎప్పటిలాగే చెప్పులు విడిచాడు, తల వంచాడు, వచ్చి వరసలో కృపాకర్ పక్కన కలిశాడు. పైన ఫ్లెక్సీ ఉంది, తల ఎత్తలేదు. నాలుగు అడుగులు వేశాక మెల్లగా అడిగాడు.

“ఎవరే?”

“మన ఎల్లేశన్న,” అన్నాడు కృపాకర్, నేల చూస్తూనే.

“అయ్యో,” అన్నాడు ఎల్లేశన్న. “మంచోడు, పాపం.”

ఇంకో రెండు అడుగులు పడ్డాయి. ఇద్దరూ ఒకేసారి ఆగారు. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. కృపాకర్ అక్కడే, నడి రోడ్డు మీద మోకాళ్ల మీద కూర్చున్నాడు. “మైకు నేనే పడగొట్టిన అన్నా,” అన్నాడు.

తర్వాత ఏం జరిగిందో వరసగా చెప్పడం నా వల్ల కాదు. ఎవరో ఏడ్చారు, ఎవరో ఆయన్ని గిల్లి చూశారు. బీఎన్‌రెడ్డి నగర్ పోయే బస్సు ఆగిపోయింది. జంగయ్య మాత్రం డప్పు మీద చెయ్యి ఎత్తి పట్టుకుని అందరినీ అడుగుతున్నాడు. “ఇప్పుడేం దరువు కొట్టాలె? పెండ్లిదా, చావుదా? ఎవలన్న చెప్పున్రి.”

“పెండ్లిదే కొట్టే,” అన్నాడు ఎల్లేశన్న. కొట్టారు. తెచ్చుకున్న దండ ఆయనే మెడలో వేసుకున్నాడు.

సుగుణక్క నా వైపు తిరిగింది. వీపు మీద పడ్డ దెబ్బ సంగతి వదిలేయండి, మాట చెప్తాను. “బతికున్నోని గురించి మంచి అడిగెటోడు లోకంల ఎవడన్న ఉంటడారా? మాకెట్ల ఎరుక?”

నేను వీపు రుద్దుకుంటూ నోటుబుక్కు ఎల్లేశన్న ముందు పెట్టాను.

ఎల్లేశన్న కోపం చేసుకోలేదు. నా నోటుబుక్కు తీసుకుని హోటల్ ముందు నిలబడి గట్టిగా చదివాడు. సుగుణక్క మాట సుగుణక్క గొంతుతో, కృపాకర్ మాట కృపాకర్ గొంతుతో. చివరికి వచ్చేసరికి ఆయన గొంతు ఎవరిదీ కాకుండా పోయింది. “గింతగనం అనుకుంటున్నరా నన్ను?” అన్నాడు. అందరూ బస్సుల వైపు చూశారు.

టైము చూస్తే ఐదున్నర. సుగుణక్క సంచిలోంచి నా ఫోన్ తీసి సారుకు చేశాను.

“రేపు రా, మాట్లాడదాం,” అన్నాడు సారు. “ఆయన పోయాడని ఇక్కడికి పది ఫోన్లు వచ్చాయి. ఎవరు చెప్పారని అడిగితే పదిమందీ నీ పేరే చెప్పారు.”

వ్యాసం రాలేదు. కానీ ఫ్లెక్సీ మిగిలింది. తీసేద్దామని నిచ్చెన తెస్తే ఎల్లేశన్నే అడ్డం పడ్డాడు. “ఫొటో మస్తు వచ్చింది. ఉండనియ్యి,” అని, ‘అశ్రునివాళి’ మీద తెల్ల కాగితం అతికించి స్వయంగా రాశాడు: ‘ఇంకా ఉన్నడు’. దాని కింద రెండు నెలల పాటు ఎండలో, దుమ్ములో, మొదటి వరసలో మొదటి ముఖం కింద నా పేరు వెలిగింది. మా అమ్మ ఆటో ఆపించి మరీ చూసింది. “మా విలేకరి కన్న నీదే పెద్దగున్నది బిడ్డా,” అంది.

కనుక పాఠకులారా, కలం మీద, ఆ ఫ్లెక్సీలోని పావురాల మీద ఒట్టేసి చెప్తున్నాను. బతికున్న మనిషి మంచితనం గురించి ఇంకెప్పుడూ ఎవరినీ ఒంటరిగా వెళ్లి అడగను. తప్పనిసరై అడగాల్సి వస్తే ఆ మనిషిని నా బండి వెనక కూర్చోబెట్టుకుని వెళ్తాను, గడప దాటే ముందు ఒకసారి దగ్గమంటాను. ఆ మనిషి మిమిక్రీ కళాకారుడైతే ఆధార్ కార్డు కూడా తెమ్మంటాను.