ఏ మాట ఏ థ్రెడ్‌దో

భవానీపురంలో ఒక మేడ మీద ఉండేది మా ఆఫీసు. రొయ్యల చెరువుల్లో ఆక్సిజన్ తగ్గితే నీళ్ళలోకి గాలి కలిపే ఏరియేటర్లు వాటంతట అవే తిరిగేలా ప్రోగ్రాం రాసేవాళ్ళం. ఆక్సిజన్ ఎంతుందో చదివే భాగం మా యజమాని బావమరిది రాశాడు. ఏరియేటర్లు తిప్పే భాగం నాది. ఒకే ప్రోగ్రాంలో పక్కపక్కనే, ఒకేసారి నడిచే ఇలాంటి భాగాలను థ్రెడ్లు అంటారు.

చల్లపల్లి అవతల ఒక రైతు చెరువులో ఏరియేటర్లు తిరగలేదు. తెల్లారేసరికి రొయ్యలు చచ్చి గట్టు వార చేరాయి. యజమాని నన్ను అందరి ముందూ నిలబెట్టాడు.

"తిప్పే భాగం నీదే కదమ్మా?"

"నాదేనండి. ఎందుకు తిరగలేదో చూడాలి కదండీ."

"చూసేదేముంది? చేపలమ్ముకునే ఇంట్లో పుట్టినదానివి. రొయ్యకి గాలి కావాలని నీకు మళ్ళీ చెప్పాలా?"

మా అమ్మ బందరులో చేపలమ్మి నన్ను చదివించింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆ సంగతి ఆయనకు గర్వంగా చెప్పుకున్నది నేనే. బావమరిది తలెత్తకుండా టీ తాగుతున్నాడు. నా ఎదుటే యజమాని రైతుకు ఫోన్ చేసి, తప్పు చేసిన అమ్మాయిని గట్టిగా మందలించామని చెప్పాడు.

ప్రోగ్రాం తాను చేసే ప్రతి పనినీ వరుసగా రాసిపెడుతుంది. దాన్ని ట్రేస్ అంటాం. తీసి చూశాను. పెళ్ళి పందిట్లో అందరూ ఒక్కసారే మాట్లాడుతున్నట్టుంది. ఒక థ్రెడ్ మాట సగంలో ఇంకోదాని మాట దూరుతోంది. ఏది ఎవరు రాశారో తెలియదు.

దాన్ని మార్చడం మొదలుపెట్టాను. ప్రతి వరుస మొదట్లో సమయం, థ్రెడ్ పేరు, చెరువు నంబరు వచ్చేలా చేశాను. ఒక వరుస పూర్తయ్యేదాకా ఇంకో థ్రెడ్ ఆగేలా పెట్టాను. దాంతో, అంతకుముందు ఆఫీసులో నడిపినప్పుడు అప్పుడప్పుడూ కనిపించిన ఆ తప్పే మాయమైంది! ఆగి ఆగి రాయడంతో ప్రోగ్రాం నెమ్మదించి, ఆ రెండు భాగాలూ ఒకదానికొకటి అడ్డం పడడమే మానేశాయి.

"చూశావా, ఏమీ లేదు," అని బావమరిది నవ్వాడు.

నాకు ఏడుపొచ్చింది. మళ్ళీ రాశాను. ఈసారి ఏ థ్రెడ్ మాటలు ఆ థ్రెడ్ దగ్గరే ఉండి, అంతా అయ్యాక సమయం ప్రకారం కలిసి బయటికి వచ్చేలా. అలా నడుపుతూ కూర్చుంటే ఒక మధ్యాహ్నం దొరికింది. రెండు భాగాలకూ ఉమ్మడిగా ఉన్న చెరువు పట్టికలో నా భాగం 'తిప్పు' అని రాసిన మరుక్షణమే, చదివే భాగం తన దగ్గరున్న పాత వివరాలన్నీ తెచ్చి దాని మీద రాసేసింది. 'తిప్పు' కాస్తా 'ఆపు' అయింది. తిప్పమని చెప్పేశాను కదా అని నా భాగం ఊరుకుంది.

ఆ వరుసలు యజమానికి చూపించాను. ఆయన చాలాసేపు చదివాడు.

"బాగా పట్టుకున్నావమ్మా. సరిచేసెయ్."

"రైతుకి చెబుతారా అండీ?"

"ఏమని? మా ఇంటివాడే చేశాడనా? అయిపోయినదాన్ని కెలకడం దేనికి?"

ఇక ఆయన చెప్పడని అర్థమై, నేనే రైతుకు ఫోన్ చేశాను. ఏం జరిగిందో, తప్పు ఎక్కడుందో చెప్పాను.

"ఎవరు చేస్తే ఏముందమ్మా, మీరంతా ఒక ఆఫీసోళ్ళేగా. చెరువు ఎండగట్టేశా. ఇంక మీ మిషన్లు నాకొద్దు."

ఆయన మాటలో తప్పు పట్టడానికేమీ లేదు. అయినా 'నీ తప్పు లేదులే' అన్న ఒక్క ముక్క కోసం ఫోన్ పట్టుకుని ఇంకాసేపు నిలబడ్డాను. ఆయన పెట్టేశాడు.

కొన్నాళ్ళకు ఆ ఉద్యోగం మానేశాను. ఉండమని ఎవరూ అనలేదు. నేను మార్చిన ట్రేస్‌నే అక్కడ ఇప్పటికీ వాడుతున్నారట. కొత్తగా చేరినవాళ్ళకు బావమరిది దాన్ని నేర్పుతున్నాడట, తాను కనిపెట్టిన పద్ధతని చెప్పి. అక్కడే పనిచేసే స్నేహితురాలు ఈ సంగతి చెప్పి నవ్వింది. నాకు నవ్వు రాలేదు.