సగం మూసిన గేటు

కరోనా తర్వాత తరగతులు మళ్లీ గాడిన పడిన ఏడాది, నవంబర్ నెలలో, ఎల్లారెడ్డిలోని ఒక రైస్ మిల్లు ఫ్యాన్‌ను పరీక్షించి రమ్మని మా విశ్వవిద్యాలయం నన్ను పంపింది. అప్పటికి నేను ఏరో-మెకానికల్ ఇంజనీరింగ్ విభాగంలో అసోసియేట్ ప్రొఫెసర్‌ని. ఉద్యోగ విరమణకు ఇంకా రెండేళ్లున్నాయి. మా కోర్సులో సగం విమానం రెక్కల మీద గాలి ఎలా నడుస్తుందో చెబుతాం, సగం యంత్రాల గురించి చెబుతాం. బయటి పరిశ్రమల వాళ్లు ఏదైనా సమస్యతో వస్తే ఒక అధ్యాపకురాలో అధ్యాపకుడో చివరి సంవత్సరం విద్యార్థిని వెంటబెట్టుకుని వెళ్లి, కొలతలు తీసి, నివేదిక ఇవ్వాలి. ఆ పనే విద్యార్థికి ప్రాజెక్టు అవుతుంది.

నాతో వచ్చిన అమ్మాయి పేరు స్వరూప. ఊరు తాడ్వాయి దగ్గరి పల్లె. తల్లి బీడీలు చేస్తుంది. తరగతిలో చివరి వరుసలో కూర్చునేది, అడిగితే తప్ప మాట్లాడేది కాదు.

మిల్లులో వడ్ల నుంచి ఊకను గాలితో లాగి బయటికి పంపడానికి మనిషి ఎత్తున్న ఒక పెద్ద ఫ్యాన్ ఉంటుంది. అది విపరీతంగా అదురుతోంది. మూడు నెలల్లో రెండుసార్లు బేరింగులు పోయాయి. మేం వెళ్లి అదురు కొలిచాం. రెక్కల మీద ఊక దుమ్ము గడ్డకట్టి ఒకవైపు బరువు పెరిగిందని తేల్చాను. దుమ్ము గీకించి, తేలికగా ఉన్న వైపు చిన్న ఇనుప ముక్క వెల్డింగ్ చేయించాను. దీన్నే బ్యాలెన్సింగ్ అంటాం. మళ్లీ కొలిస్తే అదురు బాగా తగ్గింది. రెండో రోజు సాయంత్రానికి నివేదిక రాసి సంతకం పెట్టాను.

నివేదిక మరునాడు ఇస్తే చాలని మిల్లు యజమాని అన్నాడు. ఇద్దరం కామారెడ్డి బస్సెక్కాం. బస్సు సగం దారి దాటింది. స్వరూప మెల్లగా అంది.

"మేడం, మనం కొలిచినప్పుడు గేటు పూర్తిగ తెరిచి ఉండె."

ఫ్యాన్‌లోకి వెళ్లే గాలిని తగ్గించడానికి గొట్టంలో అమర్చే రేకు పలకను గేటు అంటారు. అయితే ఏమిటని అడిగాను.

"ఆడ ఊడ్చే లచ్చవ్వను అడిగిన మేడం. గాలి ఎక్కువైతే ఊకతోని బియ్యం గూడ పోతున్నయని ఆపరేటరన్న గేటు సగం మూస్తడంట. 'గట్ల మూసినప్పుడే గుర్రుమంటది బిడ్డా, తెరిస్తే సప్పుడే ఉండది' అన్నది."

నాకు చిరాకు వేసింది. బ్యాలెన్సింగ్ అయింది, కొలతలు సరిపోయాయి, ఇంకేం కావాలన్నాను. ఆమె తల దించుకుంది. అయినా మళ్లీ తనే అంది.

"మీరు మార్కులు తక్కువేస్తరేమోనని భయమైంది మేడం. కానీ లచ్చవ్వ దినాం గా ఫ్యాన్ పక్కపొంటనే ఊడుస్తది."

సంచిలోంచి కొలతల పుస్తకం తీసి చూశాను. వేగం ఉంది, అదురు ఉంది, ఉష్ణోగ్రత ఉంది. గేటు ఎంత తెరిచి ఉందో మాత్రం ఎక్కడా రాయలేదు.

విమానం ముక్కు మరీ పైకెత్తితే గాలి రెక్కను అంటిపెట్టుకోకుండా విడిపోతుంది. దాన్ని స్టాల్ అంటాం. గాలి బాగా తగ్గిపోతే ఫ్యాన్ రెక్కల మధ్య కూడా అదే జరుగుతుంది. విడిపోయిన గాలి రెక్కలను ఆగి ఆగి కొడుతుంది. ఆ పాఠాన్ని మూడో సంవత్సరంలో స్వరూపకు చెప్పింది నేనే.

ఆ పూట కామారెడ్డిలోనే ఆగి, పొద్దున్నే మళ్లీ ఎల్లారెడ్డి వెళ్లాం. గేటు పూర్తిగా తెరిచి కొలిస్తే అదురు ముందు రోజులాగే తక్కువగా ఉంది. ముప్పావు తెరిచినప్పుడూ పెద్దగా మారలేదు. సగానికి తేగానే ఫ్యాన్ గుర్రుమంది, మీటరు ముల్లు చివరి దాకా పోయింది. అప్పటికప్పుడు ఆపించి, ఫ్యాన్ చుట్టూ ఉన్న రేకు తొడుగు విప్పించాను. రెక్కల మొదళ్లలో ఎర్ర రంగు ద్రవం పూసి, తుడిచి, పైన తెల్ల పొడి చల్లాం. పగులుంటే లోపలికి దిగిన రంగు తెలుపు మీద గీతలా పైకి వస్తుంది. రెండు రెక్కల వెల్డింగుల దగ్గర వేలెడు పొడవున ఎర్ర గీతలు తేలాయి. అలాగే నడిపితే రెక్క ఊడి రేకును చీల్చుకుని బయటికి వచ్చేది.

కొత్త రెక్కల చక్రం బిగించేదాకా మిల్లు నడపకూడదని చెప్పాను. యజమానికి కోపం వచ్చింది.

"సీజన్ల బంద్ పెట్టుమంటే ఎట్ల మేడం? వడ్ల లారీలు రోడ్డు దాకా ఉన్నయి. నిన్న మీరే అంతా మంచిగున్నదన్నరు గదా."

నిన్న నేను తప్పు చెప్పానని, కొలవాల్సిన పద్ధతిలో కొలవలేదని, ఈ అమ్మాయి పట్టుకుందని చెప్పాను. ఆయన ఆ గీతల వైపు చాలాసేపు చూసి, ఫ్యాన్ పక్కన ఊడుస్తున్న లచ్చవ్వను అక్కణ్నుంచి ఇవతలికి రమ్మన్నాడు. నాలుగు రోజులు మిల్లు ఆగింది. ఈలోగా స్వరూప గీసిన బొమ్మ ప్రకారం గేటుకూ ఫ్యాన్‌కూ మధ్య గొట్టానికి ఒక పక్క కిటికీ పెట్టించాం. ఊక దగ్గర లాగుడు తగ్గించినా ఫ్యాన్‌కు మాత్రం ఆ కిటికీ గుండా సరిపడా గాలి అందుతుంది.

పాత నివేదిక చింపి కొత్తది రాశాను. అందులో స్వరూప పేరు ముందు, నా పేరు తర్వాత పెట్టాను. విభాగాధిపతి ఈ వరుస పద్ధతి కాదన్నారు. జరిగింది చెప్పాక ఊరుకున్నారు. స్వరూప ఇప్పుడు ఇంజను భాగాల కర్మాగారంలో తనిఖీ ఇంజనీరుగా పనిచేస్తోంది. ఆమెకు నేను పాఠాలు చెప్పాను. ఆ రోజు బస్సులో ఆమె నోరు తెరవకపోయి ఉంటే, నా సంతకంతో ఒక మనిషి ప్రాణం పోయేదన్న సంగతి నాకు తెలుసు. ఆ కృతజ్ఞత నాలో తగ్గలేదు.

మిగిలిన రెండేళ్లూ మా ప్రయోగశాల కొలతల పట్టికలో మొదటి గడిగా ఒక ప్రశ్న ఉంచాను: ఈ యంత్రాన్ని రోజూ ఎవరు నడుపుతారు, ఎలా నడుపుతారు? ఆ గడి నింపకుండా తెచ్చిన పట్టిక మీద నేను సంతకం పెట్టలేదు.